ఇంటిపట్టున చేయదగిన వృత్తిని ఎన్నుకొనుట

సేద్యము మీది రాబడి యేటికి ఒకటి రెండు మారులు మాత్రమే చేతికందును. ఇంటి ఖర్చులు మాత్రము ప్రతిదినము నుండును. ఈ రెంటి నడుమనున్న వెలితిని పూడ్చుకొనుటకై ఇంటిపట్టున నొక చిన్న వృత్తిని పెట్టుకొనవలెనని రైతు తలంచుట మంచిదే. అయితే ఆ వృత్తి నిలువక, దానికై తెచ్చిన అప్పు పొలము మీదికి వచ్చిన కుటుంబములను నేను చూచియున్నాను. వారెవ్వరును సోమరులు కారు. తమకేమి కలదో చూచుకొనక, పొరుగువానికేమి వచ్చుచున్నదో చూచి పని మొదలిడుటయే వారు చేసిన పొరపాటు.

ఒక మెట్ట గ్రామమున నొక రైతు, కాలువ క్రింది గ్రామములోని తన బంధువు గేదెలవలన బాగుపడుట చూచి, అప్పు చేసి రెండు గేదెలను కొనెను. బంధువునకు కాలువగట్టు గడ్డియు, వరిగడ్డి వామియు, ఇంట తల్లిదండ్రుల సాయమును కలవు. ఇతనికి ఆ మూడును లేవు. వేసవి వచ్చుసరికి ఎండుగడ్డి మోపుల లెక్కన కొనవలసి వచ్చినది. గేదెలు వట్టిపోయిన పిమ్మట పాల డబ్బు నిలిచినది గాని మేత ఖర్చు నిలువలేదు. తుదకు గేదెలను సగము ధరకమ్మి, మిగిలిన బాకీకై పొలము తనఖా పెట్టెను. గేదె చెడ్డది కాదు, రైతు చెడ్డవాడు కాడు; ఆ యింటికి ఆ పని తగినది కాదు.

కావున వృత్తి నెన్నుకొనుటకు ముందు ప్రతి సభ్యుడును ఇంటివారితో కూర్చుండి ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను.

మొదటిది: మన యింట ఖాళీగా నున్న చేతులెన్ని, ఏ నెలలలో, దినమునకు ఎన్ని గంటలు? నాట్లు, కలుపు, కోతల సమయమున ఇల్లంతయు పొలముననుండును. ఆ దినములలో కూడ మానరాని పని యేది, ఆపి మరల మొదలిడదగిన పని యేది యని విచారింపవలెను.

రెండవది: దానికి కావలసిన సరుకు మన పెరటిలోనో పొలములోనో కలదా, లేక ప్రతిదినము కొనవలెనా?

మూడవది: తయారైన వస్తువును ఎవరు కొందురు, ఎంత దూరమున, ఎన్ని దినములలోపల అమ్మవలెను?

నాలుగవది: పెట్టిన సొమ్ము పూర్తిగా పోయినను పొలమును ఇల్లును నిలుచునా?

ఈ ప్రశ్నలతో కొన్ని పనులను పరీక్షించి చూతము.

పాడిగేదె విషయమున జనులు చేయు తప్పు మొదటి నెల పాలనుబట్టి లెక్క వేయుట. లెక్క పద్ధతిని తెలుపుటకు కొన్ని అంకెలను ఊహించుకొందము. మీ గ్రామపు ధరలను మీరు వేసికొనుడు. గేదె వెల 90,000 రూపాయలు, అంతయు నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీకి తెచ్చినది. ఈనిన క్రొత్తలో దినమునకు 8 లీటర్లు ఇచ్చును. లీటరు 60 రూపాయలైన దినమునకు 480 రూపాయలు. ఈ అంకెను చూచియే మనము మోసపోదుము. పాలు క్రమముగా తగ్గును. 300 దినములకు సగటున 6 లీటర్లైన 1,800 లీటర్లు, అనగా 1,08,000 రూపాయలు. ఒక ఈతనుండి మరియొక ఈతకు 15 నెలలు, అనగా సుమారు 450 దినములనుకొందము. పాలిచ్చు 300 దినములును దాణా దినమునకు 120 రూపాయల చొప్పున 36,000. వట్టిపోయిన 150 దినములును 60 రూపాయల చొప్పున 9,000. మేత అంతయు కొన్న యెడల దినమునకు 70 చొప్పున 31,500. వడ్డీ 13,500. వెరసి ఖర్చు 90,000. మిగులు 18,000, అనగా దినమునకు 40 రూపాయలు. అసలు తీర్చుటయు, పశువైద్యమును, ఇంటివారి కష్టమును ఇందులో చేర్చలేదు. మేత మన పొలముననే పండిన యెడల ఆ 31,500 మిగిలి, దినమునకు 110 రూపాయలు వచ్చును. చూచితిరా? ఈ లెక్కలో లాభనష్టములను తేల్చినది గేదె జాతి కాదు, మేత. కావున పచ్చిమేతకు కొంత భూమియు, వరిగడ్డియో జొన్న చొప్పయో కలిగి, ఉదయము సాయంకాలము పాలు పోయుటకు కేంద్రము దగ్గరనున్న వారికే ఇది తగును.

పెరటి కోళ్లకు పెట్టుబడి స్వల్పము. భూమి లేనివారికిని, ఒంటరిగా నుండు స్త్రీలకును ఇది తగియుండును. నాటుపెట్ట ఒక మారు పది పండ్రెండు గ్రుడ్లను పొదుగును. 21 దినములకు పిల్లలు బయటికి వచ్చును. మొదటి నెలలో గ్రద్ద, ముంగిస, పిల్లి బారినుండి పిల్లలను కాపాడుటయు, కొక్కెర తెగులునకు వేళ తప్పక టీకా వేయించుటయు, రాత్రి కప్పు గల గూడు ఉంచుటయు ముఖ్యము. పది పెట్టలు గింజలు, పురుగులు, ఇంటి మిగులు తిని బ్రతుకును. లాభము వచ్చినదని వానిని ఒక్కసారిగా రెండు వందలు చేసిన యెడల మేత అంతయు కొనవలెను. ఒక కోడికి తెగులు సోకినను గూడంతయు ఖాళీ యగును. అది పెరటి పని కాదు, వేరొక వ్యాపారము.

పట్టుపురుగుల పెంపకము రాయలసీమలో హిందూపురము, మదనపల్లె ప్రాంతములవారికి పరిచితమైనది. అచ్చట పట్టుకాయల విపణులును కలవు. పురుగు సుమారు 25 దినములు ఆకు తినును. నాలుగు మారులు పొర విడిచి అయిదవ దశకు వచ్చినపుడు, మొత్తము ఆకులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఆ కడపటి వారములోనే తినును. అపుడు రాత్రియు పగలును మేత వేయవలెను. కాయలను జాగు చేసిన లోపలి పురుగు చిలుకయై తొలుచుకొని వచ్చును. తూటుపడిన కాయ దారము తీయుటకు పనికిరాదు. ప్రక్క చేలో పురుగుమందు చల్లినను, పొగాకు వేసినను మల్బరీ ఆకు పురుగులకు విషమగును. కావున నీటి వసతి, వేరు గది, నలుగురు పనివారు, చేరువలో విపణి లేనివారు దీని జోలికి పోరాదు.

ఇక అప్పడములు, వడియములు, తాండ్ర మొదలగునవి. డెల్టాలో వరికోత పిమ్మట వేసిన మినుము వేసవి తొలినాళ్లకు ఇల్లు చేరును. ఎండయు అపుడే, స్త్రీలకు తీరికయు అపుడే. సరుకు, ఎండ, చేతులు ఒక్క కాలమున కూడుటచే ఈ పని ఆ ప్రాంతమునకు తగినది. వర్షములు పడగానే ఆపివేయవచ్చును. పశువువలె తిండి అడుగదు. అయితే అమ్ముటకు చేయునపుడు 2006 సంవత్సరపు ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను. శుభ్రతయు, ప్రతి దఫా ఒకే రుచియు తప్పరాదు.

కోనసీమ జిల్లా ఆత్రేయపురము పూతరేకులు ఇట్టివే. బియ్యపు పలుచని పిండిలో ముంచిన గుడ్డను, బోర్లించి వేడి చేసిన కుండపై పరచి తీసి రేకు తయారు చేయుదురు. బియ్యము ఆ నేలలోనిది, వంటచెరకగు ఎండుకొబ్బరి ఆకు ఆ తోటలలోనిది, చేతినేర్పు ఆ యిండ్లలోనిది. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ పేరు చూచి మెట్టప్రాంతమున పూతరేకులు మొదలిడిన ఫలము రాదు. మన నేలకు, మన చేతికి తగిన దానిని వెదకవలెనన్నదే అచ్చటి పాఠము.

అమ్మకము ఒంటరిగా కష్టము. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు చేయ మొదలిడిరి. అదియే నేటి లిజ్జత్ సంస్థ. అందు పిండి ఒకచోట కలిపి సభ్యురాండ్రకు పంచుదురు. వారు ఇంట ఒత్తి ఆరబెట్టి తెచ్చి ఇచ్చి కూలి పొందుదురు. కష్టము ఇంటియందు, సరుకు కొనుగోలును అమ్మకమును ఉమ్మడియందు: మనకు పనికివచ్చు పద్ధతి యిదియే. పది కుటుంబములు ఒకే పని యెన్నుకొన్న యెడల దాణాయో పప్పో టోకున కొనవచ్చును, సరుకు ఒకే బండిపై పంపవచ్చును.

తుదకు ఒక మనవి. ఏ పనినైనను ముందు చిన్న మొత్తముతో, వీలైన అప్పు లేకుండ, ఒక ఋతువు చేసి చూడుడు. ఒక చిన్న పుస్తకమున దినదినము రాబడి, ఖర్చు, ఎన్ని గంటలు పనిచేసినదియు వ్రాయుడు. ఇంటిలో వాడుకొన్న పాలు, గ్రుడ్లకు కూడ వెల కట్టుడు. ఈ లెక్కలో ఇంటి స్త్రీల మాట తప్పక వినుడు. పని భారము ముందుగా పడునది వారిపైననే. పిండి కొద్దీ రొట్టె. ఋణము కోరి సంఘమునకు వచ్చునపుడు ఆ పుస్తకమును, నాలుగు ప్రశ్నల జవాబులను వెంట తెండు. అవి చూచి పంచాయతుదారులు “ఇది మీకు తగదు” అని చెప్పినను కోపగింపకుడు. ఆ మాట అప్పు ఇచ్చిన తరువాత చెప్పుటకంటె ముందు చెప్పుటయే స్నేహము.