కాపరి దినచర్యలో ఒక తెలుగు పాఠము

నర్సీపట్నం పరిసర సంఘములలో కాపరి దినము గృహదర్శనములతోను, కమిటీలతోను, రిజిస్టర్లతోను గడచిపోవుచున్నది. ఇవి అవసరమే. అయితే మనస్సును సంతోషపెట్టి, శ్రమపెట్టు అభ్యాసము లేనప్పుడు ప్రసంగము పాతబడును. కాపరికంటె ముందుగా సంఘమే దానిని గ్రహించును.

విలియం కేరీ 1806 జూన్‌లో వ్రాసిన ఉత్తరములో తన ఒక దినమును వివరించెను. ఉదయము హెబ్రీ బైబిలు, పారసీకము. పిమ్మట కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో పని. తరువాత ప్రూఫులు దిద్దుట. సాయంకాలము తెలుగు పండితునియొద్ద మన భాష నేర్చుకొనుటకు కూర్చుండెను! అప్పటికి ఆయన వయస్సు 44. ఆ రాత్రి ప్రసంగము కూడ చేసెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరులో అచ్చయినది. (ఆయన గృహజీవితమును మాత్రము మాదిరిగా చూపలేము.)

వారమునకు రెండు సాయంకాలములైనను రిజిస్టరు మూసి, గ్రీకు పాఠమునకో, మన్యపు కువి భాషకో కూర్చుండవలెనని తోటి సేవకులకు మేము సూచించుచున్నాము.