వాడరేవులో సూర్యోదయం: ఫోన్‌తో ఫొటో ఎలా తీయాలి?
చీరాల పక్కనే ఉన్న మన వాడరేవులో సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు. సాయంత్రం మాత్రం మన వెనక, నేల వైపు దిగిపోతాడు. అందుకే నేను సూర్యోదయానికి అరగంట ముందే ఒడ్డున ఉంటాను. అసలు రంగులు అప్పుడే.

ఫోన్‌ని ఆటోలో వదిలేస్తే, చీకట్లో ఉన్న పడవ కనబడాలని వెలుగు పెంచేస్తుంది. ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది. అందుకని ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకోండి. ఫోకస్ లాక్ అయ్యాక వెలుగు తగ్గించండి. పడవ నల్లగా, రంగులు నిండుగా వస్తాయి.

అల వెనక్కి పోగానే తడి ఇసుక అద్దమైపోతుంది. ఫోన్ బాగా కిందికి దించి తీయండి.

ఒక్కమాట: నీళ్లలో దిగి, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ వద్దు. వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకని కూడా లాగేస్తుంది. సూర్యుడు రేపు కూడా వస్తాడు. మనం ఉండాలి కదా!