రూటు వాహనం వేగ సెన్సారు: మరమ్మతు తరువాత కుదరనప్పుడు చూడవలసినవి

పాలలో వెన్న శాతం ఎంత వచ్చిందని అడిగే సభ్యులు రూటు వాహనం మీటరు ఎంత చూపుతున్నదని అడగడం అరుదు. నిజానికి రెండూ డబ్బు లెక్కలే. కిలోమీటరు చొప్పున కిరాయి చెల్లించే సంఘంలో ఆ మొత్తం చివరకు సభ్యుల పాల రాబడి నుండే పోతుంది. మీటరు ఆగిన రోజు నుండి ఆ లెక్కకు ఆధారం పోయినట్లే.

మేము తనిఖీకి వెళ్ళిన సంఘాలలో ఈ మాట తరచుగా వింటుంటాము: గేరుబాక్సు విప్పి బాగు చేయించారు, తిరిగి బిగించేటప్పుడు వేగ సెన్సారు దాని రంధ్రంలో పూర్తిగా దిగలేదు. తెల్లవారితే పాల క్యాన్లు ఎక్కించాలి. ఆ తొందరలో మెకానిక్కు బోల్టు బిగించి సెన్సారును బలవంతంగా లోపలికి లాగుతాడు. ప్లాస్టిక్కు చెవి విరుగుతుంది, లేదా అల్యూమినియం గేరుబాక్సులో బోల్టు మరలు పోతాయి. అప్పుడు ఆ సందు నుండి ఆయిలు కారుతుంది. దానిని గమనించకుండా నడిపితే కొద్ది ఖర్చుతో పోవలసినది గేరుబాక్సు మీదికి వస్తుంది.

సెన్సారు పని చేసే తీరు

పాత వాహనాలలో గేరుబాక్సు వెనుక నుండి మీటరు దాకా తిరిగే కేబులు ఉండేది. తరువాత వచ్చిన అనేక వాహనాలలో ఆ చోట సెన్సారు అమర్చారు. ఇది రెండు రకాలు. ఒక రకంలో సెన్సారు కొసన చిన్న ప్లాస్టిక్కు పళ్ళచక్రం ఉండి, గేరుబాక్సు షాఫ్టు మీది చక్రంతో కలిసి తిరుగుతుంది. రెండవ రకం తిరగదు. తన ముందు నుండి పోయే ఇనుప పళ్ళను అయస్కాంత ప్రభావంతో గుర్తించి, మీటరుకు సంకేతాలు పంపుతుంది. కొన్ని కొత్త వాహనాలలో గేరుబాక్సు మీద సెన్సారు ఉండదు. మీటరు చక్రాల వద్ద ఉన్న బ్రేకు సెన్సార్ల నుండి వేగం తెలుసుకుంటుంది. మన వాహనం ఏ రకమో ముందుగా తెలుసుకొనవలెను.

కుదరకపోవడానికి కారణాలు

1. పాత రబ్బరు రింగు రంధ్రంలోనే ఉండిపోవడం. సెన్సారును పీకినప్పుడు రింగు లోపల అంటుకొని ఉంటుంది. దాని మీద కొత్త రింగు గల సెన్సారు దిగదు. టార్చి వేసి చూచి, గీరని పుల్లతో తీయవలెను. మందం తప్పిన రింగు, ఆయిలుకు ఉబ్బిన రింగు కూడా ఇదే ఇబ్బంది కలిగిస్తాయి. కొత్త రింగుకు కొద్దిగా గేరు ఆయిలు రాసి చేతితోనే నొక్కవలెను.

2. రంధ్రంలో మలినం. ఎండిన సీలు పేస్టు, అల్యూమినియం తుప్పు, విరిగిన పాత సెన్సారు ముక్క మొదలైనవి. ముక్కను లోపలికి నెట్టరాదు. అది గేర్లలో పడితే మరల గేరుబాక్సు విప్పవలసి వస్తుంది.

3. పళ్ళు ఒకదానికొకటి ఎదురై నిలవడం. పళ్ళచక్రం గల రకంలో ఇది తరచు జరుగుతుంది. గేరు న్యూట్రలులో పెట్టి, వాహనం కింద ఎవరూ లేకుండా చూచి, జానెడు దూరం ముందుకు తోస్తే పళ్ళు కలుస్తాయి. వెనుక చక్రాలు రెండూ ఎత్తి ఒకదానిని తిప్పితే చాలదు. రెండవ చక్రం ఎదురు తిరుగుతుంది, షాఫ్టు కదలకపోవచ్చు. వాహనం స్టాండ్ల మీద స్థిరంగా ఉంటే, పొడవాటి షాఫ్టునే చేతితో తిప్పవలెను.

4. లోపలి చక్రం చోటు తప్పడం. గేరుబాక్సు కూర్చినప్పుడు షాఫ్టు మీది చక్రాన్ని పట్టి ఉంచే క్లిప్పు సరిగా పడకపోతే చక్రం జరుగుతుంది. రంధ్రంలో నుండి చూస్తే పళ్ళు మధ్యకు కనబడాలి. ఒక పక్కకు ఉన్నా, కనబడకపోయినా లోపం సెన్సారుది కాదు. పని చేసిన షెడ్డువారే తిరిగి విప్పి సరిచేయవలెను.

5. వేరే వాహనం సెన్సారు తేవడం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పొడవు, లావు, పళ్ళ సంఖ్య, వైరు పిన్నులు పోల్చవలెను. అందువలన పని ముగిసేదాకా పాత భాగాన్ని పారవేయనీయరాదు.

తిరగని రకం సెన్సారు ఎత్తుగా నిలిస్తే కింద వాషరు వేసి బిగించేవారు ఉన్నారు. ఇది పనికిరాదు. సెన్సారు కొసకూ ఇనుప పళ్ళకూ మధ్య సందు చాలా తక్కువ. వాషరు మందం కలిస్తే సంకేతం బలహీనపడి మీటరు ఆగి ఆగి పని చేస్తుంది.

దూరినంత మాత్రాన సరిపోదు

పళ్ళు ఎక్కువ గల చక్రం లావుగా ఉండి దిగదు. అప్పుడు కొందరు తక్కువ పళ్ళ చక్రం వేసి ‘కుదిరింది’ అంటారు. లెక్క చూడండి. 20 పళ్ళు ఉండవలసిన చోట 18 పళ్ళ చక్రం వేస్తే అది త్వరగా తిరుగుతుంది. వాహనం 18 కి.మీ. నడిస్తే మీటరు 20 చూపుతుంది. ఉదాహరణకు రూటు పూటకు 46 కి.మీ. అనుకొందాము. రెండు పూటలకు 92, 30 రోజులకు 2,760 కి.మీ. మీటరు మాత్రం సుమారు 3,067 చూపుతుంది. నడవని 307 కి.మీ.కు సంఘం కిరాయి కడుతుంది. పళ్ళు ఎక్కువైతే ఆ నష్టం వాహన యజమానికి. ఎవరికి నష్టమైనా తగవు సంఘానిదే.

కనుక బిగించిన తరువాత రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళ వెంట 10 కి.మీ. నడిపి చూడవలెను. మీటరు 11 చూపితే పళ్ళ సంఖ్యను, టైరు సైజును పరీక్షించవలెను. తిరిగి వచ్చి ఆయిలు చెమ్మ ఉన్నదేమో తుడిచి చూడవలెను.

కార్యదర్శులు చేయవలసినది

మీటరు ఆగిన తేదీ, అప్పటి అంకె, బాగైన తేదీ లాగుబుక్కులో రాయవలెను. నడుమ రోజులకు ఊహించిన అంకెలు మీటరు గడిలో రాయరాదు. రూటు దూరాన్ని పాలకవర్గం, వాహన యజమాని కలిసి ఒకసారి కొలిపించి తీర్మానం చేసుకొంటే, ఆ దూరం మీదనే కిరాయి చెల్లించవచ్చు. ఒక సంఘం లాగుబుక్కులో 19 రోజులు ఒకే అంకె మేము చూచాము. కిరాయి బిల్లు మాత్రం రోజుకొక తీరుగా ఉన్నది. సభ్యులు అడిగితే చెప్పడానికి కార్యదర్శి వద్ద కాగితం లేదు. తీర్మానం ఉన్న సంఘంలో ఇట్టి చిక్కు రాదు.

వేగం చూపే మీటరు రవాణా వాహనానికి చట్టరీత్యా కూడా అవసరమే. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో ఇది ఉన్నది.

పాలు ఆగవు గనుక మరమ్మతుకు ఇచ్చిన పూటకు వేరొక వాహనం ముందుగానే మాట్లాడుకొనవలెను. తెల్లవారే లోపల ముగించాలన్న తొందర లేనప్పుడు, కుదరని సెన్సారును బోల్టుతో బిగించవలసిన పని మెకానిక్కుకు ఉండదు.