మిగిలిన కాగితం - కొత్త పుస్తకం

వేసవి సెలవులు ఇచ్చారు. వీధిలోకి ఉల్లిపాయల బండి వచ్చింది. "పాత కాగితాలకి, పాత ఇనుముకి ఉల్లిపాయలూ!" అని బండి అతను కేక వేశాడు.

ఒక తల్లి గబగబా లోపలికి పోయింది. కూతురి పాత నోటుబుక్కులన్నీ తెచ్చింది. తక్కెడలో పెట్టబోయింది.

"అమ్మా, ఆగు! అందులో రాయని కాగితాలు ఉన్నాయి" అంది కూతురు.

తల్లి ఒక పుస్తకం చేతిలోకి తీసుకుంది. అట్ట మీద 'లెక్కలు' అని ఉంది. కూడబలుక్కుని చదివింది. ఇన్నాళ్లూ ఆమె పిల్ల పుస్తకం తెరిచేది కాదు. 'మనకేం తెలుస్తుందిలే' అనుకునేది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాక ఆ బెరుకు పోయింది. పుస్తకం తెరిచి చూసింది. వెనక కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆమెకు జనవరి నెల గుర్తుకొచ్చింది. అప్పుడు ఈ పిల్లే నాలుగు రోజులు బడికి పోలేదు. కడుపు నొప్పి అని చెప్పింది. అసలు సంగతి వేరే. తెలుగు నోటుబుక్కు అయిపోయింది. కొనమంటే అమ్మ దగ్గర డబ్బులు ఉండవని పిల్ల భయం. ఆ రోజు కూడా ఈ లెక్కల పుస్తకం ఇంట్లోనే ఉంది!

లెక్క వేసి చూద్దాం

ఒక పిల్లకు 5 నోటుబుక్కులు ఉన్నాయి అనుకుందాం. ఒక్కోదాంట్లో 16 పేజీలు మిగిలాయి. 5 x 16 = 80 పేజీలు. అంటే 40 కాగితాలు. ఒక కొత్త పుస్తకానికి ఇవి చాలు. తరగతిలో 30 మంది పిల్లలు ఉంటే 30 పుస్తకాలు!

పుస్తకం కుట్టడం ఎలా?

పరీక్షలు అయ్యేదాకా పాత పుస్తకం చింపొద్దు. పిల్లలు చదువుకోవాలి. పరీక్షలు అయిపోయాక ఈ పని చేయాలి.

1. రాయని కాగితాలను బ్లేడుతో జాగ్రత్తగా కోయాలి. తుప్పు పట్టిన పిన్నులను తీసి పక్కన పెట్టాలి. పిల్లల చేతికి ఇవ్వొద్దు.

2. 40 కాగితాలను అంచులు కలిసేలా సర్దాలి. పాత క్యాలెండరు కాగితాన్ని పైనా కిందా అట్టగా పెట్టాలి.

3. ఎడమ పక్కన, అంచు నుంచి వేలెడంత వెడల్పు వదలాలి. కింద చెక్క పెట్టి, మేకుతో మూడు చిల్లులు కొట్టాలి. ఒకటి పైన, ఒకటి మధ్యలో, ఒకటి కింద.

4. దబ్బనంలో గట్టి దారం ఎక్కించాలి. మధ్య చిల్లులోంచి దారాన్ని అడుగుకి దించాలి. దారం కొసను పైనే జానెడు వదలాలి. అడుగు నుంచి పై చిల్లులోకి తేవాలి. అక్కడి నుంచి కింది చిల్లులోకి దించాలి. మళ్లీ మధ్య చిల్లులోంచి పైకి తేవాలి. రెండు కొసలూ కలిపి ముడి వేయాలి.

బస్తాలు కుట్టిన చేతికి ఇది కష్టమైన పని కాదు.

ముక్కలు కూడా పనికొస్తాయి

పెన్సిలు చిన్నదైతే పిల్లలు పారేస్తారు. ఖాళీ పెన్ను గొట్టంలో దాన్ని బిగిస్తే ఇంకా చాలా రోజులు వస్తుంది. పెన్సిలు లోపల ఉండేది సీసం కాదు. గ్రాఫైట్ అనే ఖనిజానికి బంకమన్ను కలిపి దాన్ని చేస్తారు.

కాల్చిన అగ్గిపుల్లలను పదేసి చొప్పున కట్టలు కడితే పదులు, ఒకట్లు నేర్పవచ్చు. పాత శుభలేఖలను ముక్కలు చేసి అక్షరాల చీట్లు చేయవచ్చు. అరిగిన సుద్దముక్కతో అరుగు మీద అంకెలు రాసుకోవచ్చు. పిల్లలే కాదు, తల్లులూ రాసుకోవచ్చు.

తరగతిలో ఒక డబ్బా

బడిలో ప్రతి తరగతికీ ఒక అట్టపెట్టె పెట్టుకోవచ్చు. మిగిలిన కాగితాలు, పెన్సిలు ముక్కలు, రబ్బరు ముక్కలు అందులో వేయాలి. ఒక్క నియమం మాత్రం ఉండాలి. అందరూ వేయాలి. అందరూ తీసుకోవచ్చు. 'ఇది లేనివాళ్ల డబ్బా' అనే మాట రాకూడదు. ఆ మాట వస్తే అవసరం ఉన్న పిల్ల దాని దగ్గరికే పోదు. మళ్లీ కడుపు నొప్పి అంటుంది.

ఇంకో సంగతి. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సర్కారు బడిలో చదువు ఉచితం. మనం పాత కాగితాలు కుట్టుకుంటున్నాం కదా అని, బడి నుంచి రావలసినవి వదులుకోకూడదు. అడిగి తీసుకోవాలి.

రాసిన కాగితాలు ఏమవుతాయి?

కాగితాన్ని వెదురుతో, సుబాబుల్, జామాయిల్ కర్రతో చేస్తారు. రాజమండ్రిలో, కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లులు ఉన్నాయి. కాగజ్ అంటే కాగితమే. కర్రను ఉడికించి గుజ్జు చేసి, పలచగా పరిచి ఆరబెడితే కాగితం అవుతుంది. పాత కాగితాన్ని కూడా నానబెట్టి, గుజ్జు చేసి, మళ్లీ కాగితమో అట్టో చేయవచ్చు. అందుకే రెండు వైపులా రాసిన కాగితాన్ని పొయ్యిలో పెట్టకుండా తూకానికి ఇవ్వడం మేలు. నూనె అంటిన కాగితం మాత్రం దీనికి పనికిరాదు.

రాసిన కాగితంలో, వార్తాపత్రికలో బజ్జీలు, వడలు పొట్లం కట్టొద్దు. సిరా తిండికి అంటుతుంది. కడుపులోకి పోతుంది. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ కూడా 2016లో వార్తాపత్రికల గురించి ఇదే హెచ్చరిక చేసింది. పుస్తకాల ప్లాస్టిక్ అట్టలను కాల్చొద్దు. ఆ పొగ చెడ్డది.

ఆ తల్లి ఏం చేసింది?

నిండా రాసిన పుస్తకాలే తక్కెడలో పెట్టింది. ఉల్లిపాయలు కాస్త తగ్గాయి. కానీ రెండు పుస్తకాలు మిగిలాయి. ఒకటి కూతురికి. ఇంకొకటి ఆమెకే. మొదటి పేజీలో ఆమె తన పేరు రాసుకుంది. రెండో పేజీలో పాల లెక్క, పొదుపు సంఘంలో కట్టిన డబ్బు లెక్క రాస్తోంది. రోజూ రాస్తే నేర్చుకున్న అక్షరాలు మరిచిపోము కదా!

ఆలోచించండి - చేయండి

1. మీ ఇంట్లో పాత నోటుబుక్కులు ఎన్ని ఉన్నాయి? రాయని పేజీలు లెక్కపెట్టండి.
2. మీ ఊరి బడిలో మిగిలిన వస్తువుల డబ్బా ఉందా? లేకపోతే టీచరుతో మాట్లాడండి.
3. మీరు కుట్టిన పుస్తకంలో ఈ రోజు ఖర్చు రాయండి.