రాత్రి రెండింటికి నొప్పొస్తే ఎవరు చూస్తారు?

ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక కీమో వల్ల ఉపయోగం లేదని క్యాన్సర్ డాక్టర్లు చెప్పేశారు. నడుములో, తొడ ఎముకలో నొప్పి. పక్కకు తిరగాలంటే అరుపులే. ఓరోజు ఓపీ అయిపోయాక కొడుకు వచ్చాడు. "సార్, ఇంట్ల అమ్మ ఒక్కతే. మేమిద్దరం డ్యూటీలకు పోతం. నాన్నను హాస్పిస్‌ల పెడదామనుకుంటున్నం. ఇది మంచిదేనా చూడండి" అని ఫోన్ నా చేతికిచ్చాడు. అందులో ఫొటోలు. తెల్లటి దుప్పట్లు, ఏసీ గది, కిటికీ అవతల పూల మొక్కలు. రెండు మూడు ఫొటోలు చూసి "బాగానే ఉన్నట్టుంది బాబూ" అన్నాను. అంతకుమించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తొమ్మిదో రోజు రాత్రి నేను డ్యూటీలో ఉండగానే ఆయన్ను అంబులెన్సులో తీసుకొచ్చారు. సాయంత్రం నుంచి నొప్పి. అక్కడ రాత్రిపూట నర్సు లేదు, ఆయా మాత్రమే ఉంది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇవ్వమన్నారట. దాన్ని ఇవ్వడానికి ఎవరినో పిలిపించేసరికి రెండు గంటలు పట్టింది. అదీ పనిచేయకపోతే "ఆసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. మార్ఫిన్ వాళ్ల దగ్గర లేనే లేదు. మా దగ్గర మార్ఫిన్ ఇచ్చాక గంటలోపే ఆయన నిద్రపోయారు. పక్కనే కూర్చున్న ఆయన భార్య నన్ను అడిగింది: "ఇన్నాళ్లు ఈ మందు ఏడుంది సారూ?"

ఆమెకు నేనేం చెప్పగలను? చూడకుండానే 'బాగుంది' అని చెప్పింది నేనే కదా. ఆ తర్వాత నుంచి, నా రోగులను ఎక్కడికి పంపినా ముందు వెళ్లి చూసి వస్తున్నాను. అక్కడ నేనేం చూస్తానో, మీరేం చూడాలో చెబుతాను.

వృద్ధాశ్రమం కాదు, ఐసీయూ కాదు

జబ్బు నయమయ్యే దశ దాటాక, మిగిలిన రోజులు నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు లేకుండా గడిచేలా చూసేదే హాస్పిస్. ఈ పద్ధతికి ఇప్పటి రూపం ఇచ్చినావిడ బ్రిటన్‌కు చెందిన డాక్టర్ సిసిలీ సాండర్స్. ముందు నర్సుగా, ఆ తర్వాత సోషల్ వర్కర్‌గా పనిచేసి, చివరికి డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. మన దేశంలో మొదటిది 1986లో ముంబయిలో మొదలైన శాంతి ఆవేదన సదన్. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. రోగుల నుంచి డబ్బు తీసుకోకుండా నడిచే స్పర్శ్ హాస్పిస్ కూడా ఇక్కడే ఉంది.

ఇవి కాక, ఈమధ్య బోర్డు మీద 'హాస్పిస్', 'పాలియేటివ్', 'ఎండ్ ఆఫ్ లైఫ్ కేర్' అని రాసుకున్న ప్రైవేటు కేంద్రాలు పెరిగాయి. వాటిలో నిజంగా శ్రద్ధగా చూసేవి ఉన్నాయి. వృద్ధాశ్రమానికే పేరు మార్చి రేటు పెంచినవీ ఉన్నాయి. డాలస్‌లో ఉన్న కూతురు ఫోన్ చేసి "డాక్టర్‌గారూ, దాని రేటింగ్ ఎంత?" అని అడుగుతుంది. ఆమె తప్పేం లేదు. అక్కడ మెడికేర్ వెబ్‌సైట్‌లోకి వెళ్తే హాస్పిస్‌లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఇక్కడ మనకు కనిపించేవి గూగుల్ చుక్కలే. ఆ చుక్కలు ఎక్కువగా పార్కింగ్ గురించీ, రిసెప్షన్‌లో మాట తీరు గురించీ చెబుతాయి. నొప్పి తగ్గిందో లేదో చెప్పాల్సినవాళ్లు రివ్యూలు రాసే స్థితిలో ఉండరు.

మొదటి ప్రశ్న మార్ఫిన్ గురించే

లోపలికి వెళ్లగానే నేను అడిగేది ఒక్కటే. "మీ దగ్గర నోటితో వేసుకునే మార్ఫిన్ బిళ్లలు ఉన్నాయా?" ఉన్నాయంటే, "చివరిసారి ఎవరికి, ఎన్ని గంటలకు ఇచ్చారు?" అంటాను. మంచిచోట సిస్టర్ నవ్వి రిజిస్టర్ తీస్తుంది. రోగి పేరు చేత్తో మూసి, మిగతా వివరాలు చూపిస్తుంది. మరోచోట "అవసరమైతే తెప్పిస్తాం సార్" అంటారు. రాత్రి పదకొండింటికి మార్ఫిన్ తెప్పించడమంటే పక్కవీధి మెడికల్ షాపు నుంచి పారాసెటమాల్ తెచ్చినంత సులువు కాదు.

ఎందుకంటే మార్ఫిన్ మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది. 1985 నాటి చట్టం వల్ల దాన్ని నిల్వ పెట్టుకోవడం ఆసుపత్రులకే గగనంగా ఉండేది. 2014లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు 'గుర్తింపు పొందిన వైద్య సంస్థ'గా అనుమతి తెచ్చుకుంటే మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి అత్యవసర మందులను నిల్వ చేసి రోగులకు ఇవ్వొచ్చు. శిక్షణ పొందిన డాక్టర్ ఉండాలి, ప్రతి బిళ్లకూ లెక్క ఉండాలి. కాబట్టి ఆ గుర్తింపు పత్రం ఉందా అని అడగండి. సంకోచం అక్కర్లేదు. ఉన్నవాళ్లు గర్వంగా చూపిస్తారు.

మన ఇళ్లలో మార్ఫిన్ అంటే ఇంకా భయమే. అలవాటైపోతుందని, మనిషి త్వరగా పోతాడని. నొప్పికి తగిన మోతాదులో, మెల్లగా పెంచుతూ ఇస్తే ఈ రెండూ జరగవని ఎన్నిసార్లు చెప్పినా, మేనమామో పెదనాన్నో ఒకరు వచ్చి "మత్తు మందు ఎందుకురా" అంటారు. మొదటి రెండు మూడు రోజులు కాస్త మగతగా ఉంటుంది, కొందరికి వికారం కూడా. అవి సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. అందుకే మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనాల మందు కూడా రాయాలి. ప్రిస్క్రిప్షన్‌లో ఈ రెండూ పక్కపక్కన ఉన్నాయంటే ఆ డాక్టర్‌కు పని తెలుసునని అర్థం. మామూలు బిళ్ల ప్రభావం దాదాపు నాలుగు గంటలు. కాబట్టి గడియారం చూసి ఇవ్వాలి, నొప్పి వచ్చాక కాదు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఎంత ఇవ్వాలో కాగితం మీద ముందే రాసి ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మోతాదు, మందు రెండూ మారతాయి.

డైక్లోఫెనాక్ పనికిరాదని కాదు నా ఉద్దేశం. ఎముకల నొప్పిలో మార్ఫిన్‌కు తోడుగా అలాంటి మందులు బాగా సాయపడతాయి. ఒక్క సిట్టింగ్ రేడియేషన్‌తో కూడా చాలామందికి ఎముక నొప్పి తగ్గుతుంది. 'ఇక చికిత్స లేదు' అన్నాక కూడా, నొప్పి కోసం రోగిని ఒక పూట రేడియేషన్‌కు పంపే హాస్పిస్ దొరికితే మీరు సరైన చోటికి వచ్చినట్టే.

రాత్రి, ఆదివారం, పండగ

పగలు పదకొండింటికి అన్ని కేంద్రాలూ బాగానే ఉంటాయి. మేనేజర్ ఉంటాడు, కాఫీ ఇస్తారు. నేను మాత్రం వాళ్లిచ్చిన నంబర్‌కు రాత్రి పదకొండు దాటాక ఒకసారి ఫోన్ చేస్తాను. ఎవరెత్తుతారు? సెక్యూరిటీ గార్డా, సిస్టరా? "మా నాన్నకు ఆయాసం ఎక్కువైంది, ఏం చేయాలి" అంటే నాలుగు ప్రశ్నలు తిరిగి అడుగుతారా, 'రేపు పొద్దున రండి' అంటారా? మీరు చేసినా తప్పు లేదు. చేసి, మీరెవరో, ఎందుకు చేశారో చెప్పండి. మంచివాళ్లు ఏమీ అనుకోరు.

రాత్రి డ్యూటీలో ఎందరు రోగులకు ఎందరు నర్సులో అడగండి. ఆయమ్మలు ఎంతమంది అని కాదు. స్నానం చేయించడం, అన్నం పెట్టడం ఆయమ్మ చేస్తుంది, ప్రేమగా కూడా చేస్తుంది. ఇంజెక్షన్, క్యాథెటర్, పుండు శుభ్రం చేయడం మాత్రం నర్సు పని. డాక్టర్‌కు పాలియేటివ్ వైద్యంలో శిక్షణ ఉందా అన్నది మరో ప్రశ్న. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లు ఉంటారు, ఎండీ పాలియేటివ్ మెడిసిన్ చదివినవాళ్లు కొద్దిమంది ఉంటారు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి పేరు పక్కన ఉంటే సరిపోదు. అక్కడి డాక్టర్ వారానికెన్నిసార్లు ఈ మంచాల దగ్గరికి వస్తారో తెలుసుకోండి.

ఇక ముక్కును నమ్మండి. వార్డులోకి అడుగుపెట్టగానే మూత్రం, చీము వాసన వస్తుందా? కుళ్లిన క్యాన్సర్ పుండు వాసనను కూడా మెట్రోనిడజోల్ పొడి చల్లి చాలావరకు తగ్గించవచ్చు. వాసన ఉందంటే పట్టించుకునేవాళ్లు లేరని అర్థం. ఘాటైన రూమ్ ఫ్రెషనర్ వాసన గుప్పుమన్నా నాకు అనుమానమే. లేవలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పిన టైము రాసే చార్టు మంచం దగ్గరుంటుంది. ఇప్పుడున్న రోగుల్లో ఎందరికి పడక పుండ్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని ఇక్కడికొచ్చాక పడ్డాయో అడగండి. 'ఒక్కటీ లేదు' అనేవాళ్లకంటే, 'ఇద్దరికి ఉన్నాయి, ఒకటి ఇక్కడే పడింది, ఇలా చూస్తున్నాం' అని చెప్పేవాళ్లనే నేను ఎక్కువ నమ్ముతాను.

జాగ్రత్తపడాల్సిన చోట్లు

'మా దగ్గర క్యాన్సర్ తగ్గుతుంది' అనే హాస్పిస్ నుంచి వెంటనే బయటికి రండి. ప్రతి మంచానికీ సెలైన్ వేలాడుతుంటే ఎందుకో కనుక్కోండి. మనకు సెలైన్ అంటే వైద్యం జరుగుతోందన్న ధైర్యం. కానీ చివరి రోజుల్లో శరీరం ఆ నీటిని వాడుకోలేదు. ఒళ్లు ఉబ్బి, గొంతులో కఫం గురగుర పెరుగుతుంది. తడి దూదితో నోరు తుడవడం, అడిగితే రెండు చెంచాల నీళ్లివ్వడం ఎక్కువ హాయి. దీన్ని కుటుంబానికి కూర్చోబెట్టి చెప్పడానికి అరగంట పడుతుంది. సెలైన్ పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. బిల్లు కూడా అవుతుంది.

చేతులు మంచానికి కట్టేయడం, అందరికీ ఒకేలా నిద్రమందు ఇచ్చి పడుకోబెట్టడం, కుటుంబాన్ని సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకే రానివ్వడం, ఇవేవీ హాస్పిస్‌లో ఉండకూడదు. చివరి రాత్రి పక్కన ఒకరు పడుకునే వీలుందా? మనవళ్లను రానిస్తారా? గంగాజలమో, జమ్‌జమో, ప్రార్థనో, మీ ఆచారం ఏదైతే అది చేసుకోనిస్తారా? క్యాన్సర్ కాకుండా కిడ్నీ, గుండె, మతిమరుపు జబ్బులున్నవారిని చేర్చుకుంటారా? ఇవన్నీ చేర్చేముందే తేల్చుకోవాలి.

డబ్బు విషయం కాగితం మీద ఉండాలి. రోజుకెంత, అందులో మందులు, డైపర్లు, ఆక్సిజన్ కలిశాయా, మధ్యలో తీసుకెళ్తే అడ్వాన్స్ తిరిగిస్తారా. మెడిక్లెయిమ్ వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్ వాళ్లనే అడగండి, రిసెప్షన్‌లో చెప్పిన మాట మీద ఆధారపడకండి. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి.

అడగడానికి నోరు రాని ప్రశ్న ఇంకొకటి ఉంది. ప్రాణం పోయాక ఏం చేస్తారు? మరణ కారణాన్ని ధ్రువీకరించే ఫారం ఎవరు రాస్తారు? హాస్పిస్‌లో జరిగితే ఫారం 4, ఇంట్లో జరిగితే చివరిగా చూసిన డాక్టర్ ఇచ్చే ఫారం 4ఏ. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. తెల్లవారుజామున డాక్టర్ అందుబాటులో లేక, ఆ కాగితం కోసం శవంతో ఎదురుచూసిన కుటుంబాలను నేను చూశాను. వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, గెజిటెడ్ అధికారి లేదా నోటరీ చేత ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. మంచి హాస్పిస్ చేర్చుకునే రోజే దీని గురించి మాట్లాడుతుంది, రోగి వినగలిగితే రోగితోనే.

చాలామంది అసలు కోరుకునేది తమ మంచం, తమ ఇల్లే. కాబట్టి ఇంటికి వచ్చి చూసే టీమ్ ఉందా అన్నది కూడా నాణ్యతలో భాగమే. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. ప్రైవేటు కేంద్రానికి అడ్వాన్స్ కట్టేముందు మీ జిల్లా ఆసుపత్రిలో ఒకసారి అడగండి. నలుగురూ ఏమనుకుంటారోనని హాస్పిస్‌కు జంకేవాళ్లూ, ఇంట్లో చేతకాకపోయినా పరువు కోసం అక్కడే ఉంచి నొప్పితో అలమటింపజేసేవాళ్లూ నాకు తరచూ కనిపిస్తారు.

ఆ లైన్‌మన్‌గారు మా వార్డులో నాలుగు రోజులుండి, మార్ఫిన్ మోతాదు కుదిరాక ఇంటికే వెళ్లారు. భార్య చేతికి మందుల టైము చీటీ రాసిచ్చాం. ఆమెకు చదువు రాదు, అందుకే సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేశాం. మూడు వారాల తర్వాత ఇంట్లోనే పోయారు.

మొన్నీమధ్య ఆయన కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు, వాళ్ల ఆఫీసులో ఒకాయన తండ్రి కోసం. ఈసారి ఫొటోలు పంపలేదు. "సార్, ఒకటి చూసినం. మార్ఫిన్ రిజిస్టర్ చూపించిన్రు. రాత్రి సిస్టర్ ఉంటదట, నేను పన్నెండింటికి ఫోన్ చేసిన, ఎత్తింది. కానీ ఇంటికొచ్చే టీమ్ లేదంటున్నరు. ఏం చేద్దాం?" అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్లి చూసొచ్చాం.