సల్ఫేషన్ – ఆ మాటలో ఏముంది?

నెలల తరబడి కొట్టంలో పడివున్న ట్రాక్టరు ఒక పట్టాన స్టార్టు కాదు. మెకానిక్ వచ్చి బ్యాటరీ పరీక్షించి, "సల్ఫేషన్ పట్టింది" అంటాడు. అదేదో తుప్పులాంటి జబ్బు అనుకుంటారు మీరు. నిజానికి ఆ మాటలో జబ్బు అనే అర్థమే లేదు.

సల్ఫర్ అంటే గంధకం. లాటిన్ నుంచి వచ్చిన పేరు. మరి దాని తోక సంగతేమిటి? పూర్వం రసాయనాలకు ఎవరికి తోచిన పేరు వారు పెట్టేవారు. నెమలి మెడ రంగులో ఉందని మనవాళ్ళు ఒకదాన్ని మయూరతుత్థం అన్నారు. అదే మన మైలుతుత్తం. ఇనుముతో ఏర్పడే పచ్చని లవణం అన్నభేది. ఐరోపాలో ఒకటి గ్లాబర్ లవణం, మరొకటి ఎప్సమ్ లవణం. ఈ నాలుగూ ఒకే కుటుంబానివని పేర్లను బట్టి చెప్పగలరా?

ఈ గందరగోళం పోవాలని 1787లో పారిస్‌లో గీటన్ ద మోర్వో, లవాయిజర్, బెర్తొలె, ఫూర్‌క్రువా కలిసి కొత్త నామకరణ పద్ధతి ప్రకటించారు. సల్ఫ్యూరిక్ ఆమ్లపు లవణమైతే చివర 'ఏట్', సల్ఫ్యూరస్ ఆమ్లపు లవణమైతే 'ఐట్'. దాంతో పై నాలుగూ రాగి, ఇనుము, సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లయ్యాయి. ఆ సల్ఫేట్‌కు క్రియను తెలిపే తోక తగిలిస్తే సల్ఫేషన్: సల్ఫేట్‌గా మారడం, లేదా సల్ఫేట్‌ను చేర్చడం. అంతే!

ఇక ట్రాక్టరు దగ్గరకు వద్దాం. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడల్లా దాని రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతూనే ఉంటుంది. ఛార్జి చేస్తే సన్నని ఆ స్ఫటికాలు తిరిగి కరిగిపోతాయి. ఛార్జి లేకుండా వదిలేస్తేనే చిక్కు. అవి పెరిగి గట్టిపడతాయి. తరువాత ఎంత ఛార్జి పెట్టినా లొంగవు. మెకానిక్ సల్ఫేషన్ అన్నది దీన్నే.

మన ఒంట్లోనూ సల్ఫేషన్ జరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ మింగితే, కాలేయం అందులో కొంత భాగానికి సల్ఫేట్ తగిలిస్తుంది. అప్పుడది నీటిలో బాగా కరిగి మూత్రంతో బయటికి పోతుంది. ఇక్కడ సల్ఫేషన్ మేలే చేస్తోంది గదా!

ఒక్క జాగ్రత్త. సల్ఫోనేషన్ అనే మరో మాట ఉంది. ఈ రెంటినీ ఒకటిగా రాసేవారు ప్రతి ఏడూ నా జవాబుపత్రాల్లో కనబడతారు. సల్ఫేషన్‌లో కార్బనుకూ గంధకానికీ నడుమ ఆక్సిజన్ ఉంటుంది. సల్ఫోనేషన్‌లో గంధకం నేరుగా కార్బనుకే అంటుకుంటుంది. షాంపూలో నురగనిచ్చే సోడియం లారిల్ సల్ఫేట్ మొదటి రకం. బట్టలుతికే పొడిలోని ముఖ్యమైన డిటర్జెంటు సాధారణంగా రెండో రకం.