తిరిగే అలను పట్టే చిన్న యాంటెన్నా

పోయిన వానాకాలం ఒక రాత్రి మా వదినకు నొప్పులొచ్చినాయి. పిలిచిన బండి దారి తప్పి గంట ఆలస్యంగా మా గూడెం చేరింది. "చెట్ల కింద మిషనుకు ఉపగ్రహం అందలేదు" అన్నాడు డ్రైవరన్న. అసలు ఆ సంకేతాన్ని ఎలా పడతారో ఫిజిక్స్ సారును అడిగి తెలుసుకున్నాను.

తాడు ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస పైకీ కిందికీ ఊపండి. అది రేఖీయ ధ్రువణం. గుండ్రంగా తిప్పండి. అది వృత్తాకార ధ్రువణం. మన ఇస్రో వారి నావిక్ ఉపగ్రహాలు 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర ఇలా తిరిగే అలలనే పంపుతాయి. మామూలు కడ్డీ యాంటెన్నా అందులో సగం శక్తినే పట్టగలదు.

ఆ అల పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. గాలిలో యాంటెన్నా రేకు అందులో దాదాపు సగం ఉండాలి. అది జేబులో పట్టదు కదా! అందుకే మెటాసర్ఫేస్ వాడతారు. అంటే పలక మీద గళ్లుగళ్లుగా పరిచిన చిన్న రాగి ముక్కలు. దీన్ని రేకుకు కాస్త పైన పెడతారు. రెండూ జతపడితే చిన్న రేకే సరిపోతుంది. ముక్కల పొడవు వేరు, వెడల్పు వేరు. 45 డిగ్రీల ఏటవాలుగా వచ్చిన అల రెండు సమాన పాయలవుతుంది. ఒక పాయ పావు అల వెనకబడుతుంది. రెండూ కలిస్తే అల గిర్రున తిరుగుతుంది! పంపేటప్పుడు ఎలాగో పట్టేటప్పుడూ అలాగే.

గుబురు చెట్లు అడ్డొస్తే ఏ యాంటెన్నాకైనా కష్టమే. అయినా అందిన కాస్తలో సగం పోగొట్టుకోకూడదు గదా.

వదిన, పాప క్షేమం. ఆ గంటను మాత్రం మా అమ్మ ఇంకా మరవలేదు. సందేహాలుంటే స్టడీ అవర్లో నన్నడగండి.